ఒక్క ముద్దకు ఇంత బిల్లా? స్పెయిన్ టేస్టింగ్ మెనూల వెనుక సంగతులు

ఈ మధ్య కొన్నేళ్లుగా ఏటా ప్రపంచంలోని మేటి రెస్టారెంట్లకు ర్యాంకులిచ్చే 'వరల్డ్స్ 50 బెస్ట్' జాబితా, నవంబరు వస్తే స్పెయిన్‌లో రెస్టారెంట్లకు ఇచ్చే మిషెలిన్ స్టార్ల ప్రకటన. ఆ రెండు సందర్భాల్లోనూ ఫోన్లలో ఒకే రకం వీడియోలు తిరుగుతుంటాయి. పెద్ద తెల్ల పళ్లెం, మధ్యలో బొటనవేలంత చేపముక్క, పక్కన చెంచాడు సాస్. కింద మన వాళ్ల కామెంట్లు: "దీనికి ముప్పై వేలా? బయటికొచ్చి బిర్యానీ తినాల్సిందే." ఆ ఒక్క పళ్లెం చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కాకపోతే అది ఇరవై పళ్లేల్లో ఒకటి. ఆ రెస్టారెంటు ఏ ఊళ్లో ఉంది, ఆ చేప అక్కడికి ఎలా చేరింది, ఆ సాస్‌ను ఆ ఊరి ఇళ్లలో ఎలా చేసుకుంటారు అన్నవి వీడియోలో కనిపించవు. ధర మీద, 'ప్రాంతీయ వంట' అన్న పేరు మీద జరిగే వాదనలన్నీ మాత్రం వాటి చుట్టూనే తిరుగుతాయి.

2024లో '50 బెస్ట్' జాబితాలో మొదటి రెండు స్థానాలూ స్పెయిన్‌కే వచ్చాయి. మొదటిది బార్సిలోనాలోని దిస్‌ఫ్రుతార్. రెండోది ఉత్తరాన బాస్క్ ప్రాంతంలో ఆష్పే అనే చిన్న పల్లెలో ఉన్న ఎచెబర్రి. మొదటి చోట కొత్త కొత్త ప్రయోగాలతో వండుతారు. రెండో చోట వంటంతా కట్టెల నిప్పు మీదే. ఇంత తేడా ఉన్న రెండింటినీ 'టేస్టింగ్ మెనూ' అనే ఒకే పేరుతో పిలుస్తున్నారంటే, ముందు ఆ మాటకు అర్థమేమిటో చూడాలి.

## టేస్టింగ్ మెనూ అంటే ఏమిటి

స్పెయిన్‌లో ఉద్యోగులు, కూలీలు మధ్యాహ్నం తినేది 'మెను దెల్ దియా'. ఒకే ధరకు మొదటి వంటకం, రెండో వంటకం, తీపి లేదా కాఫీ, రొట్టె, ఓ గ్లాసు పానీయం. టేస్టింగ్ మెనూకూ సూత్రం అదే, కట్టిపెట్టిన భోజనం, కట్టిపెట్టిన ధర. వంటకాలు మాత్రం మూడు కాదు, పన్నెండు నుంచి ముప్పై దాకా ఉండొచ్చు. ఒక్కోటి ఒకటి రెండు ముద్దలే.

మన విస్తరిలో పప్పు, కూర, పచ్చడి, పులుసు అన్నీ కళ్లముందే ఉంటాయి. ఏది ముందు తినాలి, దేన్ని దేంతో కలుపుకోవాలి అన్నది తినేవాళ్ల ఇష్టం. టేస్టింగ్ మెనూలో ఆ హక్కంతా షెఫ్‌దే. ఏది, ఎంత, ఏ వేడిలో, దేని తర్వాత అన్నదంతా ముందే నిర్ణయమైపోతుంది. చాలాచోట్ల ఏం తిన్నారో రాసిన కాగితం భోజనం అయ్యాకే చేతికిస్తారు.

వరస సాధారణంగా ఇలా సాగుతుంది. ముందు చేత్తో తినే చిన్న చిరుతిళ్లు. ఆ తర్వాత కూరగాయలు, రొయ్యలు, గవ్వచేపలు. తర్వాత చేప. ఆ పైన ఒకటి రెండు మాంసం వంటకాలు. నోటికి కాస్త తేలిక కోసం పుల్లటిదో చల్లటిదో ఒకటి, తర్వాత తీపి, చివర్లో కాఫీతో చాక్లెట్ ముక్కలు. మొత్తం మూడు గంటలు పడుతుంది, కొన్నిచోట్ల నాలుగు. ప్రతి వంటకానికీ తగిన వైన్ విడిగా పోస్తారు, దాని ధర వేరే.

ఇక ఆకలి సంగతి. ఒక్కో వంటకం 30 గ్రాములు అనుకుందాం. ఇరవై వంటకాలకు 600 గ్రాములు. దాని మీద రొట్టె, వెన్న, ఆలివ్ నూనె. ఇలాంటి భోజనాల మీద ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఆకలి తీరలేదని కాదు, పదిహేనో పళ్లెం దగ్గరే పొట్ట నిండిపోయిందని.

## స్పెయిన్‌లో 'స్పానిష్ వంట' దొరకడం కష్టం

బయటి దేశాల్లో స్పానిష్ భోజనమంటే పాయెయ్యా అనే అన్నం వంటకం, సాంగ్రియా అనే వైన్ పానీయం. స్పెయిన్‌లో మాత్రం పాయెయ్యా వాలెన్సియా వాళ్ల సొత్తు. ఉత్తరాన బిస్కే సముద్రం ఒడ్డున బాస్క్ వాళ్లకు కాడ్, హేక్ చేపలు, ముసలి ఆవు మాంసం, నల్ల చిక్కుళ్లు. అస్తూరియాస్‌లో యాపిల్ సైడర్, పెద్ద తెల్ల చిక్కుళ్ల కూర. పోర్చుగల్ సరిహద్దున ఎక్స్‌త్రెమదూరాలో ఓక్ చెట్ల కింద రాలిన కాయలు తిని పెరిగే పందులు. దక్షిణాన అండలూసియాలో వేయించిన చేపలు, గాస్‌పాచో అనే చల్లటి సూప్. వాతావరణం వేరు, భాషలు కూడా వేరు. అందుకే స్పెయిన్‌లో పెద్ద రెస్టారెంట్లు "మేము స్పానిష్ వంట చేస్తాం" అనడం తక్కువ. బాస్క్ అంటారు, కాటలాన్ (బార్సిలోనా ఉన్న కాటలోనియా ప్రాంతం) అంటారు, దక్షిణ తీరంలోని కాదిస్ సముద్రం అంటారు.

## 1976 తర్వాత బాస్క్ వంటగదుల్లో వచ్చిన మార్పు

1975 నవంబరులో నియంత ఫ్రాంకో చనిపోయాడు. ఆయన కాలంలో బాస్క్ భాషనూ ప్రాంతీయ గుర్తింపునూ అణచివేశారు. మరుసటి ఏడాది మాడ్రిడ్‌లో జరిగిన ఒక సమావేశానికి ఫ్రెంచ్ షెఫ్ పాల్ బొక్యూస్ వచ్చి మాట్లాడాడు. అప్పటికే ఫ్రాన్స్‌లో పిండి వేసి చిక్కబరిచే బరువైన సాస్‌లను వదిలి, తాజా సరుకును తక్కువసేపు వండే కొత్త పద్ధతి నడుస్తోంది. బాస్క్ నగరం సాన్ సెబాస్టియన్ నుంచి వెళ్లిన షెఫ్‌లు హువాన్ మారి అర్సాక్, పెద్రో సుబిహానా ఆ మాటలకు కదిలిపోయి, తర్వాత లియోన్‌లో బొక్యూస్ వంటగదికే వెళ్లి చూసి వచ్చారు.

తిరిగొచ్చాక వాళ్లు ఫ్రెంచ్ వంటను దించుకోలేదు. పన్నెండు మంది దాకా షెఫ్‌లు కలిసి రెండు పనులు పెట్టుకున్నారు: మరుగున పడ్డ బాస్క్ వంటకాలను వెతికి సరిగ్గా వండటం, అదే సరుకుతో కొత్తవి కనిపెట్టడం. దీన్నే కొత్త బాస్క్ వంట అన్నారు. అర్సాక్ రెస్టారెంటు నడిపింది ఆయన తాతల కాలంలో, 1897లో కట్టిన ఇంట్లో. మొదట్లో అది వైన్ దుకాణం, పూటకూళ్ల ఇల్లు. 1989లో దానికి మూడు మిషెలిన్ స్టార్లు వచ్చాయి. ఇప్పుడు ఆయన కూతురు ఎలెనా అక్కడ షెఫ్.

అర్సాక్ 1970ల మొదట్లో ముళ్లుండే ఎర్రటి సముద్రపు చేపతో, గుడ్లు, క్రీమ్ కలిపి కేకులాంటిది ఒకటి చేశాడు. అప్పట్లో అదొక ప్రయోగం. ఇప్పుడు బాస్క్ బార్లలో రొట్టెముక్క మీద రాసి ఇస్తారు, సూపర్‌మార్కెట్లో ప్యాకెట్లలో అమ్ముతారు. చాలామంది దాన్ని పాతకాలం వంటకమే అనుకుంటారు. హైదరాబాద్ కేఫ్‌లలో 'బాస్క్ చీజ్‌కేక్' పేరుతో దొరికే నల్లగా మాడిన కేకుదీ అదే కథ. అది సాన్ సెబాస్టియన్ పాత ఊళ్లో లా వీన్యా అనే బారులో 1990 ప్రాంతంలో పుట్టింది. అంటే మనలో చాలామంది కంటే చిన్నది.

## ఒక వంటకం విప్పి చూద్దాం: కాడ్ పిల్-పిల్

బాస్క్ ఇళ్లలో వండే పిల్-పిల్‌లో పడేవి నాలుగే: ఉప్పు కాడ్ చేప, ఆలివ్ నూనె, వెల్లుల్లి, ఎండుమిర్చి. చేపను ఒకటిన్నర రెండు రోజులు నీళ్లు మారుస్తూ నానబెట్టి ఉప్పు తీస్తారు. మట్టిపాత్రలో నూనె పోసి వెల్లుల్లి, మిర్చి వేయించి పక్కన పెడతారు. నూనె కాస్త చల్లారాక చేపను తోలుతో సహా వేస్తారు. ఇక్కడ మంట పెంచకూడదు. వేయించడం కాదు, గోరువెచ్చటి కంటే కొంచెం ఎక్కువ వేడిలో అలా ఉంచడమే. మెల్లగా చేప తోలు నుంచి తెల్లటి జిగురు దిగుతుంది, అదే జెలటిన్. అప్పుడు పాత్రను రెండు చేతులతో పట్టుకుని గుండ్రంగా తిప్పుతూనే ఉంటారు. నూనె, జెలటిన్, చేపలోని నీరు కలిసిపోయి చిక్కటి లేత పసుపు సాస్ తయారవుతుంది. వెన్న లేదు, పిండి లేదు, గుడ్డు లేదు.

కలవని నూనెను, నీటిని కలిపి పట్టి ఉంచడాన్ని శాస్త్రంలో ఎమల్షన్ అంటారు. బాస్క్ అమ్మమ్మలు ఆ మాట తెలియకుండానే ఆ పని చేశారు. టేస్టింగ్ మెనూ నడిపే వంటగదిలో ఇదే పనిని థర్మామీటరు పెట్టి చేస్తారు. జెలటిన్ ఏ వేడిలో దిగుతుందో, సాస్ ఎప్పుడు విరుగుతుందో లెక్క ఉంటుంది. చేప మొత్తం కాకుండా గొంతు కింద ఉండే మెత్తటి చిన్న కండ మాత్రమే వాడొచ్చు. దాన్ని బాస్క్ వాళ్లు కొకొచా అంటారు. జెలటిన్ అందులోనే ఎక్కువ. అందువల్ల ఇంట్లో పెద్ద పాత్రలో నలుగురికి చేసే కూర, ఇక్కడ రెండు ముద్దలుగా వస్తుంది. రుచి తెలిసిందే. సాస్ మాత్రం నలభై పళ్లేల్లోనూ ఒకే చిక్కదనంతో ఉంటుంది.

ఇది ప్రాంతీయ వంటేనా? టెక్నిక్ ప్రకారం చూస్తే అవును. సరుకు ప్రకారం చూస్తే తికమక మొదలవుతుంది. కాడ్ బాస్క్ సముద్రంలో దొరికే చేప కాదు. పదహారో శతాబ్దంలో బాస్క్ జాలర్లు అట్లాంటిక్ దాటి న్యూఫౌండ్‌ల్యాండ్ దాకా వెళ్లి పట్టి, ఉప్పు వేసి తెచ్చిన చేప అది. మిర్చి అమెరికా ఖండం నుంచి స్పెయిన్ ఓడల్లో వచ్చింది. అదే మిర్చి తర్వాత పోర్చుగీసు ఓడల్లో మన తీరానికి చేరి గుంటూరు పంటయింది. మిరపకారం లేని ఆవకాయను మనం ఊహించలేం, అయినా ఐదారు వందల ఏళ్ల కిందట ఈ నేలలో మిరప మొక్క లేదు. ఒక ప్రాంతపు వంట అంటే అక్కడ మొలిచినది మాత్రమే అనుకుంటే బాస్క్ వాళ్ల పిల్-పిల్, మన ఆవకాయ రెండూ జాబితాలోంచి పోతాయి.

## 'ప్రాంతీయం' అన్న ఒక్క మాటలో కలిసిపోయిన వేర్వేరు సంగతులు

ఈ గందరగోళంలో ఎక్కువ భాగం ఇక్కడిదే. ఒకరు సరుకు గురించి మాట్లాడుతుంటే, ఇంకొకరు పద్ధతి గురించి, మరొకరు జ్ఞాపకం గురించి మాట్లాడుతుంటారు. నాలుగు రెస్టారెంట్లు పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది.

ఎచెబర్రిలో బిత్తోర్ అర్గిన్‌సోనిస్ చేసేది నిప్పు వంట. బజారులో కొన్న బొగ్గు వాడడు. రోజూ పొయ్యిలో కట్టెలు కాల్చి సొంతంగా నిప్పులు చేసుకుంటాడు. ఓక్ కట్టె ఒకదానికి, ద్రాక్ష తీగల కట్టె ఇంకోదానికి. కప్పీలతో పైకీ కిందికీ జరిపే గ్రిల్లులు ఆయన సొంత డిజైన్. వెన్నకూ, ఐస్‌క్రీమ్ చేసే పాలకూ కూడా పొగ వాసన పట్టిస్తాడు. చీజ్ కోసం గేదెలను పెంచుతాడు. ఇంతకంటే పల్లెటూరి వంట ఇంకేముంటుంది అనిపిస్తుంది. కానీ అక్కడ అందరూ చెప్పుకునే ఎర్ర రొయ్యలు వచ్చేది దేశం అవతలి పక్క మధ్యధరా తీరంలోని పాలమోస్ నుంచి. కాబట్టి అక్కడ ప్రాంతీయమైనది నిప్పు, అంటే పద్ధతి. సరుకు ఎక్కడ బాగుంటే అక్కడిది.

అపోనియెంతె దీనికి ఎదురు. కాదిస్ పక్కన ఎల్ ప్వెర్తో దె సాంతా మారియాలో, సముద్రపు పోటుపాట్లతో తిరిగిన పాత పిండిమరలో ఉంటుంది. షెఫ్ ఆంహెల్ లెయోన్ పట్టుబట్టింది సరుకు మీద, అందులోనూ జనం పారేసే సరుకు మీద. వలలో పడ్డా ఎవరూ కొనని చేపలతో పంది మాంసపు సాసేజ్‌ల్లాంటివి చేశాడు. సముద్రంలోని సూక్ష్మ నాచును, అంటే ప్లాంక్టన్‌ను, వంటలోకి తెచ్చాడు. సముద్రగడ్డి గింజలను ధాన్యంలా వండే ప్రయత్నమూ చేశాడు. ఈ వంటకాల్లో ఏదీ కాదిస్ అమ్మమ్మలు చేసినది కాదు. అయినా ఆ తీరం నుంచి కదిపితే ఆ మెనూకు అర్థమే ఉండదు. నన్నడిగితే ఈ నాలుగింటిలో అసలు సిసలు ప్రాంతీయ వంట ఇదే.

కోర్దొబాలోని నూర్‌లో పాకో మొరాలెస్ చరిత్రను పట్టుకున్నాడు. 2016లో మొదలుపెట్టి, ముస్లిం పాలన నాటి అండలూసియా వంటను ఒక్కో సీజన్‌లో ఒక్కో కాలం చొప్పున వండుకుంటూ వచ్చాడు. మొదటిది పదో శతాబ్దం. కొలంబస్‌కు ముందు కాలం కాబట్టి టమాటా లేదు, బంగాళాదుంప లేదు, మిరప లేదు, చాక్లెట్ లేదు. చాక్లెట్ బదులు కారబ్ కాయల పొడి. టమాటా లేని అండలూసియా వంట ఇప్పుడు ఆ ఊరి వాళ్లకే వింత. ప్రాంతీయ వంట అని వెళ్లి కూర్చుంటే, అక్కడ పుట్టి పెరిగిన మనిషికే ఏదీ తెలిసిన రుచిలా అనిపించకపోవచ్చు. 2023 నవంబరులో దీనికి మూడో స్టార్ వచ్చింది.

హిరోనాలోని ఎల్ సెయెర్ దె కాన్ రోకా కథ కుటుంబానిది. అమ్మానాన్నలు 1967లో ఊరి శివారు పేటలో కాన్ రోకా అనే చిన్న భోజనశాల పెట్టారు. దాని పక్కనే 1986లో కొడుకులు సొంత రెస్టారెంటు మొదలుపెట్టారు. జోన్ వంట, జోసెప్ వైన్, తర్వాత చేరిన తమ్ముడు జోర్డి తీపి. 2009లో మూడు స్టార్లు, 2013లోనూ 2015లోనూ ప్రపంచ జాబితాలో మొదటి స్థానం. పెద్ద రెస్టారెంట్ సిబ్బంది మధ్యాహ్నం నడుచుకుంటూ వెళ్లి అమ్మ మొన్‌సెర్రాత్ భోజనశాలలోనే తినడం ఏళ్లుగా నడిచిన అలవాటు. ఇక్కడ ప్రాంతీయమైనది జ్ఞాపకం.

## నురగలు, గోళీలు, 2008 నాటి గొడవ

సామాన్యులకు టేస్టింగ్ మెనూ అనగానే నురగలు గుర్తొస్తాయి. దానికి కారణం ఎల్ బుల్లి అనే రెస్టారెంటు. కాటలోనియా తీరంలో రోసెస్ ఊరి దగ్గర ఒక చిన్న సముద్రపు మలుపులో ఉండేది. దాని షెఫ్ ఫెర్రాన్ అద్రియా 1990లలో క్రీమ్ లేకుండా గ్యాసుతో కూరగాయల నురగలు చేశాడు. 2003 ప్రాంతంలో గోళీల పద్ధతి తెచ్చాడు. పండ్ల రసంలో సముద్రపు నాచు నుంచి తీసిన ఆల్జినేట్ కలిపి, కాల్షియం ఉన్న నీళ్లలో చుక్కలు వేస్తే ప్రతి చుక్క చుట్టూ పల్చని పొర కడుతుంది. లోపల రసం రసంగానే ఉంటుంది. ఈ పద్ధతిని కాస్త తిరగేసి చేసిందే ఎల్ బుల్లి ఆలివ్: చూడటానికి పచ్చి ఆలివ్ కాయ, నోట్లో వేసుకుంటే చిట్లి ఆలివ్ రసం. ఒక్కో భోజనంలో ముప్పైకి పైగా ముద్దలు, ఏడాదిలో దాదాపు ఆరు నెలలే తెరిచేవాళ్లు. ప్రపంచ జాబితాలో ఐదుసార్లు మొదటి స్థానం. 2011 జూలై 30న మూసేశారు.

2008లో మరో కాటలాన్ షెఫ్ సాంతి సాంతామారియా బహిరంగంగా దీన్ని విమర్శించాడు. ఆయన సామాన్యుడు కాదు, కాటలోనియాకు మొదటి మూడు స్టార్లు తెచ్చినవాడు. మీరు స్వయంగా తినని జిగురు పొడులు, రసాయనాలు అతిథికి పెడుతున్నారు, అసలు సరుకును మరిచిపోయారు అన్నది ఆయన మాట. అటువైపు వాళ్ల జవాబు: ఇవి ఆహారంలో వాడటానికి అనుమతి ఉన్నవే, చాలావరకు నాచు నుంచి, మొక్కల నుంచి తీసినవే. చీజ్ కోసం పాలు విరగ్గొట్టడానికి ఎంజైమ్ వాడితే సంప్రదాయం, ఆల్జినేట్ వాడితే రసాయనమా? షెఫ్‌ల సంఘం సాంతామారియా మాటలను ఖండించింది.

ఆరోగ్యం విషయంలో సాంతామారియా వాదన బలహీనమే. ఆ పొడుల్లో చాలావాటిని బిస్కెట్లు, ఐస్‌క్రీముల్లో అందరం తింటున్నాం. కానీ ఆయన రెండో మాట నిలిచింది. టెక్నిక్ నేర్చుకోవడం తేలిక, ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చు. అందుకే తర్వాతి పదేళ్లలో ఏ దేశం వెళ్లినా అదే నురగ, అదే గోళీ, పట్టకారుతో పెట్టిన అదే ఆకు కనిపించాయి. ఊరు, ప్రాంతం వెయిటరు చెప్పే కథలో మిగిలాయి, పళ్లెంలో కాదు. సాంతామారియా 2011 ఫిబ్రవరిలో చనిపోయాడు. ఆయన రెస్టారెంటు రెండేళ్ల తర్వాత మూతపడింది.

## బిల్లు లెక్క

స్పెయిన్‌లో మూడు స్టార్ల చోట ఇప్పుడు మనిషికి సుమారు 250 యూరోల నుంచి మొదలవుతుంది, వైన్ కాకుండా. యూరో వంద రూపాయలనుకుంటే పాతిక వేలు. డబ్బంతా ఎక్కడికి పోతుందో తెలియడానికి ఒక ఊహా రెస్టారెంట్ తీసుకుందాం. అంకెలు ఉదాహరణకే.

ధర 300 యూరోలు. స్పెయిన్‌లో మెనూ మీద రాసే ధరలో పన్ను కలిసే ఉంటుంది. రెస్టారెంట్ భోజనం మీద అది 10 శాతం. పన్ను పోగా చేతికొచ్చేది సుమారు 273. రోజుకు ఒక్క పూట, 40 మంది. వారానికి ఐదు రోజులు, ఏడాదికి 44 వారాలు. అంటే 8,800 మంది, రాబడి 24 లక్షల యూరోలు. సిబ్బంది 45 మంది, ఒక్కొక్కరికి జీతం, సామాజిక భద్రత చందా కలిపి ఏడాదికి 35,000 వేసుకుంటే 15 లక్షల 75 వేలు. సరుకుకు 30 శాతం, అంటే 7 లక్షల 20 వేలు. మిగిలింది లక్షా ఐదు వేలు. అద్దె, కరెంటు, బట్టల ఉతుకుడు, పగిలిన పళ్లేలు, కొత్త వంటకాల ప్రయోగాలు అన్నీ అందులోంచే. ఒక నెలంతా రోజూ ఇరవై కుర్చీలు ఖాళీగా ఉంటే అదీ పోతుంది.

వైన్ మీద లాభం లేకపోతే ఇలాంటివి చాలావరకు నడవవు. ఎల్ బుల్లి విషయంలోనే, భోజనం మీద కాక పుస్తకాలు, సలహా ఒప్పందాల మీద బండి నడిచిందని అద్రియా చెప్పుకున్నాడు. బుకింగ్ సమయంలోనే డబ్బు లేదా కార్డు వివరాలు తీసుకునేది కూడా ఇందుకే. నలభై కుర్చీల్లో నాలుగు ఖాళీ అయితే ఆ రోజు రాబడిలో పదో వంతు పోయినట్టు.

టేస్టింగ్ మెనూను సమర్థించేవాళ్లు ఇక్కడే ఒక మాట అంటారు. ఎంతమంది వస్తారో, ఏం తింటారో ముందే తెలుసు కాబట్టి సరుకు వృథా కాదు. ఎవరూ ఆర్డరు చేయని చేపను కూడా వండి పెట్టొచ్చు. నిజమే, ఎవరికి కావాల్సింది వాళ్లు ఎంచుకునే మామూలు మెనూ ఇస్తే అపోనియెంతెలో ఆ పారేసే చేపలను ఎవరు అడుగుతారు? వ్యతిరేకించేవాళ్ల మాట: మూడున్నర గంటలు కూర్చోబెట్టి, నచ్చినది రెండోసారి వేయించుకునే వీలు కూడా లేకుండా చేసేది ఆతిథ్యమా, ప్రదర్శనా? స్పెయిన్‌లో భోజనమంటే మధ్యలో ఒక పెద్ద పళ్లెం, చుట్టూ పది చేతులు. ఆ కోణంలో చూస్తే, వంటకం ఎంత బాస్క్ అయినా, తినే తీరు బాస్క్ కాదు.

## జీతం లేని చేతులు

పై లెక్కలో 45 మందిలో పదిమందికి జీతం ఇవ్వకపోతే ఏడాదికి మూడున్నర లక్షల యూరోలు మిగులుతాయి. చాలా ఏళ్లు ఈ రంగం నడిచింది ఈ మిగులు మీదే. పేరున్న వంటగదుల్లో కొన్ని నెలలు ఉచితంగా పనిచేసే కుర్రాళ్లను స్తాజ్ కుర్రాళ్లు అంటారు. ఎల్ బుల్లిలో ప్రతి సీజన్‌కూ ముప్పైమందికి పైగా ఉండేవాళ్లు. నేర్చుకున్నాం, పేరొచ్చింది, అదే మాకు జీతం అని అందులో చాలామంది అంటారు. రోజంతా రొయ్యలు ఒలవడంలో నేర్చుకునేదేముంది అని ఇంకొందరు. 2017లో స్పెయిన్ పత్రికల్లో దీని మీద పెద్ద గొడవే జరిగింది. కోపెన్‌హేగెన్‌లోని నోమా 2022లో వీళ్లకు జీతం ఇవ్వడం మొదలుపెట్టింది. కొన్ని నెలలకే, ఈ పద్ధతిలో రెస్టారెంట్ నడపడం ఇక కుదరదని ప్రకటించింది. జీతం ఒక్కటే కారణమని చెప్పలేం, కానీ ఆ రెండు వార్తలను పక్కపక్కన చదవకుండా ఎవరూ ఉండలేకపోయారు.

## స్టార్లు, ర్యాంకులు రెండూ ఒకటి కాదు

మిషెలిన్ స్టార్లు ఇచ్చేది టైర్ల కంపెనీ. ఒక స్టార్ అంటే దారిలో ఆగి తినదగ్గది, రెండంటే దారి మళ్లి వెళ్లదగ్గది, మూడంటే దాని కోసమే ప్రయాణం కట్టదగ్గది. పేరు చెప్పకుండా వచ్చే తనిఖీదార్లు పళ్లెంలో ఉన్నదానికే మార్కులు వేస్తారు. 50 బెస్ట్ జాబితా ఓటింగ్. ప్రపంచమంతటా వెయ్యిమందికి పైగా షెఫ్‌లు, రచయితలు, భోజనప్రియులు ఓటేస్తారు. అందుకే ప్రపంచంలో రెండోదని పేరు తెచ్చుకున్న ఎచెబర్రికి ఉన్నది ఒక్క స్టారే. మన దేశానికి మిషెలిన్ గైడ్ లేదు కాబట్టి 'మిషెలిన్ స్టార్ ఉన్న హైదరాబాద్ రెస్టారెంట్' అని ఎవరైనా రాస్తే నమ్మనక్కర్లేదు.

## మన వాళ్లు వెళ్తే ఎదురయ్యే చిక్కు

యూరప్‌లో ఉద్యోగాలు చేసే తెలుగువాళ్లలో, టూర్లకు వెళ్లేవాళ్లలో చాలామందికి డబ్బుకంటే పెద్ద టెన్షన్ శాకాహారం. ఇక్కడ దీన్ని మర్యాద సమస్యగా కాకుండా వంట సమస్యగా చూడాలి. సముద్రం, పంది, ఆవు చుట్టూ అల్లుకున్న ప్రాంతంలో 'ప్రాంతీయ' మెనూ కట్టినప్పుడు మాంసం ముక్క తీసేస్తే సరిపోదు. బఠాణీల గిన్నెలో హామ్ ఎముకల రసం ఉంటుంది. కూరగాయల మీద నిగనిగలాడే సాస్‌లో చేప జెలటిన్ ఉంటుంది. చివరి తీపిలో కూడా జెలటిన్ ఉండొచ్చు. చూడటానికి మాత్రం అన్నీ శాకాహారమే.

బుకింగ్ ఫారంలో ఏం తినరో అడిగేది దీనికోసమే. కొన్నిచోట్ల మొత్తం శాకాహార మెనూ విడిగా ఉంటుంది. కొన్నిచోట్ల రోజులు ముందుగా చెబితే కడతారు. అక్కడికెళ్లి కూర్చున్నాక చెబితే మాత్రం పొద్దుటి నుంచి నలభై మందికి లెక్కగా కట్టిన వరసలో ఒక్కరి కోసం ఇరవై కొత్త ముద్దలు కావాలి. నిప్పు వంట, చేప వంట మీదే నిలబడ్డ రెస్టారెంట్లు కొన్ని, మేము న్యాయం చేయలేమని ముందే చెప్పేస్తాయి. అది పొగరనుకునేవాళ్లున్నారు. పిల్-పిల్ సాస్ ఎలా చిక్కబడుతుందో చూశాం కదా, జెలటిన్ తీసేసి అది చేయమంటే పాత్రలో మిగిలేది వెల్లుల్లి వాసన వేసే నూనె.